కుడి భుజం మీది పైట

పరీక్షకి మూడు రోజులే ఉన్నాయి. రత్నం పుస్తకం మీద మాస్టారు ఇంకా సంతకం పెట్టలేదు.

సంతకం లేకపోతే పుస్తకం తీసుకోరు. పుస్తకం లేకపోతే గోడల నిండా బొమ్మలు తగిలించినా పట్టా ఇవ్వరు. బొమ్మల కాలేజీలో పెద్ద చదువంటే అంతే మరి. ప్రదర్శనా పెట్టాలి, ఆ బొమ్మల గురించి వంద పేజీల పుస్తకమూ రాయాలి. ఈసారి తప్పితే మళ్లీ ఏడాది దాకా ఆగాలి. రత్నానికి ఏడాది ఆగే వీలు లేదు. వాళ్లది భీమిలి. తండ్రి లేడు. తల్లి రొయ్యల కంపెనీలో పొట్టు తీసి ఇంతదాకా చదివించింది.

నేనప్పుడు ఆ కాలేజీ అచ్చుగదిలో రాళ్లు కడిగేదాన్ని. విశాఖలో, సముద్రపు గాలి తగిలే గది. ఇప్పుడక్కడ కంప్యూటర్లు పెట్టారట. ఆ రోజుల్లో సిరా, కిరసనాయిలు, తడి ఇసుక అన్నీ కలిసి ఒకటే వాసన. చీరకి పట్టిందంటే ఎన్ని ఉతుకులకీ వదిలేది కాదు. అప్పుడు విసుక్కునేదాన్ని. ఇప్పుడు ఎక్కడైనా కిరసనాయిలు వాసన తగిలితే పని మానేసి కాసేపు నిలబడిపోతాను.

దాలినాయుడు మాస్టారిది శ్రీకాకుళం వైపు. మాట తక్కువ మనిషి. నలభై దాటాక నాచేత అక్షరాలు దిద్దించింది ఆయనే, కడిగి ఆరబెట్టిన రాయి మీద, బొగ్గుముక్కతో.

ఆ గదిలో పని ఎలా ఉంటుందో చెబుతాను. నున్నటి సున్నపురాయి మీద జిడ్డు పెన్సిలుతో బొమ్మ గీస్తారు. సిరా పూసి, కాగితం పరిచి, మరలో పెట్టి లాగితే అచ్చు పడుతుంది. అయితే రాయి మీద కుడివైపు గీసింది కాగితం మీద ఎడమకి వస్తుంది. అందుకని మనిషిని కూర్చోబెట్టి గీసేటప్పుడు ఒక అద్దం పెట్టుకుంటారు. మనిషిని కాకుండా అద్దంలో మనిషిని చూసి గీస్తారు. అప్పుడు కాగితం మీద అన్నీ సరిగ్గా పడతాయి. కావలసినన్ని అచ్చులు తీసుకున్నాక ఇసుకా నీళ్లూ పోసి రాయిని అరగదీస్తారు. బొమ్మ పోతుంది. రాయి తరవాతి పిల్లలకి.

ఆ ఏడు రత్నం వాళ్లమ్మ తన కూతురు చదివే చోటు చూద్దామని వచ్చి రెండు రోజులుంది. స్టూలు మీద కూర్చుని, రెండు చేతులూ ఒళ్లో పెట్టుకుని, "నన్నెందుకే గీత్తావు? అందంగా ఉన్నోళ్లే దొరకలేదేటి నీకు?" అంటూనే కదలకుండా కూర్చుంది. రత్నం గీసింది. ఎనిమిది అచ్చులు తీసింది. రాయి అరగదీసిందీ కడిగిందీ నేనే.

అంత మంచి బొమ్మ ఆ గదిలో అంతకుముందు నేను చూడలేదు. చన్నీళ్లలో నానీ నానీ ముడతలు పడ్డ వేళ్లు, ఆ వేళ్ల మధ్య చీర కొంగు, కూతుర్ని చూస్తూ నవ్వాపుకుంటున్న మూతి.

గోడకి తగిలించిన రోజు నేనే నోరు జారాను. "రత్నం, మీ అమ్మేటే, పైట కుడేపు ఏసుకుంది?"

ఆ పిల్ల మొహం కందిపోయింది. "అది కావాలనే అలా గీశాను పిన్నీ. నీకు తెలీదులే."

తెలీదనే అనుకున్నాను. ఆ సాయంత్రం పుస్తకం పేజీలు వరస ప్రకారం సర్దమని నాకిచ్చింది. అంకెలు చూసి సర్దుతూ, నాలుగో అధ్యాయం దగ్గర వేలు పెట్టి చదివాను. కుడి భుజం మీది పైట గురించే పన్నెండు పేజీలు! ఆడదాని ఒంటి మీద లోకం గీసిన దిక్కుల్ని ఈ చిత్రకారిణి తిరగరాసిందట. ఇంకా ఏవేవో ధిక్కారాలు, విలోమాలు. సగం నాకు అందలేదు. ఎంత చదివిందమ్మా ఈ పిల్ల అని ముచ్చటేసింది, నిజంగానే.

మర్నాడు మాస్టారు పుస్తకం ముందు పెట్టుకుని కూర్చున్నారు. రత్నం ఎదురుగా నిలబడింది.

"మీ అమ్మ పైట ఎటు వేసుకుంటుంది రత్నం?"

"అందరిలాగే సార్. ఎడమవైపు."

"మరి బొమ్మలో?"

"నాలుగో అధ్యాయంలో రాశాను సార్."

"చదివాను," అన్నారాయన. "చాలా బాగా రాశావు."

అని పుస్తకం మూసి ఆమె చేతికిచ్చేశారు. కలం మాత్రం జేబులోంచి తియ్యలేదు.

రత్నం నా దగ్గరికొచ్చి నీళ్ల తొట్టి గట్టు మీద కూలబడింది. "బాగుందంటారు, సంతకం పెట్టరు! తప్పేదైనా ఉంటే తిట్టొచ్చు కదా పిన్నీ. నాలుగు తిడితే పడనా?"

"తప్పేం లేదేమోలే," అన్నాను.

ఆ పిల్ల నా వైపు చూసి తల దించేసుకుంది.

ఆ మర్నాడు పొద్దున మాస్టారు గేటు దగ్గర సైకిలు దిగుతుంటే చూసి నాకు నవ్వొచ్చింది. చొక్కా తిరగేసి తొడుక్కున్నారు. కుట్లన్నీ పైకి కనబడుతున్నాయి. జేబు లోపలికి పోయింది, కలం చేత్తో పట్టుకున్నారు.

"మాస్టారూ, చొక్కా తిరగబడిందండి."

"అవునా? చూసుకోలేదు గౌరమ్మా," అన్నారు.

వాచ్‌మన్ సింహాద్రి పరిగెత్తుకొచ్చాడు. "సారూ! చొక్కా!"

"అవునా? చూసుకోలేదయ్యా."

వరండాలో పిల్లలు నోళ్లకి చేతులు అడ్డం పెట్టుకున్నారు. ఒకడు ధైర్యం చేసి చెప్పాడు. వాడికీ అదే మాట. ఇంతమంది చెప్పినా ఆయన మాత్రం ఆ చొక్కాతోనే నడుచుకుంటూ అచ్చుగదిలోకొచ్చారు. మతిమరుపు మనిషి కాదు ఆయన.

రత్నం అప్పటికే పుస్తకం పట్టుకుని నిలబడి ఉంది. ఆయన్ని చూసి ఆగలేకపోయింది. "సార్, మీ చొక్కా తిరగబడింది."

"అవునా? చూసుకోలేదమ్మా."

అంటూ అక్కడే బొత్తాలు విప్పారు. బనీనుతో నిలబడి, చొక్కా దులిపి, సరిగ్గా తిప్పి తొడుక్కున్నారు. బొత్తాలు పెట్టుకుని, కళ్లజోడు సర్దుకుని, కుర్చీలో కూర్చుని చెయ్యి చాపారు.

"ఏదీ, పుస్తకం ఇలా తే. సంతకం పెడతాను."

రత్నం ఇవ్వలేదు. రెండు చేతులతో గుండెకి ఆనించి పట్టుకుంది. కిటికీ బయట ఎక్కడో ఓడ కూత వేసింది. అది ఆగేదాకా అలాగే నిలబడింది.

"రేపిస్తాను సార్," అంది.

"రేపే కదమ్మా పరీక్ష?"

"పొద్దున్నే తెస్తాను."

మర్నాడు పొద్దున పేజీలు మళ్లీ నేనే సర్దాను. నాలుగో అధ్యాయంలో పన్నెండు పేజీలు లేవు. ఒక్కటే పేజీ, అందులో నాలుగే వరసలు. అది చదవడానికి నాకు వేలు అక్కర్లేకపోయింది.

"ఈ నాలుగు ముక్కలకి పట్టా ఇస్తారంటావా పిన్నీ?" అంది రత్నం.

నాకేం తెలుసు? చీర కొంగుతో ఆమె మొహం తుడిచి పంపించాను. మాస్టారు ఆ పేజీ చదివారు. కలం తీసి సంతకం పెట్టారు. బాగుందనీ అనలేదు, బాగులేదనీ అనలేదు.

పరీక్ష చెయ్యడానికి వచ్చినావిడ మద్రాసులో పెద్ద కాలేజీలో చెబుతుందట. తెలుగావిడే. జుట్టు మొత్తం నెరిసింది, ఒక్క నవ్వు లేదు. బొమ్మలన్నీ చూసుకుంటూ వచ్చి, రత్నం వాళ్లమ్మ ముందు ఆగిపోయింది. పుస్తకం తెరిచి చూడలేదు. బొమ్మనే చూస్తూ అడిగింది.

"ఈవిడ పైట కుడివైపు ఉందేం?"

గది తలుపు దగ్గర చీపురు పట్టుకుని ఉన్నాను. మాస్టారు కిటికీలోంచి సముద్రం వైపు చూస్తున్నారు.

రత్నం ఒకసారి బొమ్మ వైపు చూసింది. తరవాత అంది: "మా అమ్మండీ. రెండు రోజులు నా ఎదురుగా కూర్చుంది. అమ్మనే చూస్తూ గీశాను. అద్దం పెట్టుకోవడం మరిచిపోయాను."

ఆవిడ మళ్లీ బొమ్మ దగ్గరికి వెళ్లి ఆ ముడతల వేళ్లని దగ్గరగా చూసింది. కళ్లజోడు తీసి పైటతో తుడుచుకుంది.

"మీ అమ్మగారు ఇది చూశారా?"

"లేదండి. ఆదివారం వస్తానంది."

"ఆదివారం దాకా దీన్ని గోడ మీంచి తియ్యకు," అని తరవాతి బొమ్మ దగ్గరికి వెళ్లిపోయింది.

మధ్యాహ్నానికి ఫలితం చెప్పేశారు. రత్నం పాసయింది. పిల్లలు పకోడీలు తెచ్చారు. రత్నం నన్ను పట్టుకుని ఏడ్చింది, నేనూ ఏడ్చాను, ఎందుకో ఇద్దరికీ తెలియలేదు. గది ఖాళీ అయ్యాక ఆమె తన బీరువాలోంచి ఆ పాత పన్నెండు పేజీలు తీసింది. నిలువునా చింపబోయింది.

బల్ల దగ్గర సిరా రోలరు తుడుచుకుంటున్న మాస్టారు తలెత్తకుండానే అన్నారు.

"చింపకు రత్నం. వెనకవైపు తెల్లగానే ఉంది. బొమ్మలేసుకో."