ఘనపాఠి గారి జోల

మా గురువు సదాశివం గారిని ఎవరైనా ప్రశ్న అడిగితే జవాబు చెప్పేవారు కాదు, పని చెప్పేవారు. ధ్యానంలో మనసు నిలవడం లేదని ఒకాయన మొరపెట్టుకుంటే పెరట్లో ఆనపపాదుకు పందిరి వేయించారు. వైరాగ్యం ఎప్పుడు వస్తుందని అడిగిన ఇంకొకాయన చేత ఆవకాయ ముక్కలు కొట్టించారు. అందుచేత మాలో పనిదొంగలకు సందేహాలు తొందరగా తీరిపోయేవి. నాకైతే మొదటినుంచీ ఒక్క సందేహమూ లేదు. ఆయన ఇల్లు కోటిపల్లికి దిగువన గౌతమి గట్టు మీద ఉండేది. ఇప్పుడు లేదు. గోదావరి ఒడ్డు కోసుకుంటూ వచ్చి, మేం కూర్చునే వసారాతో సహా పట్టుకుపోయింది. నేను మాత్రం కళ్లు మూసుకున్నప్పుడల్లా ఇంకా అక్కడే కూర్చుంటున్నాను.

ఆయన నేర్పే ధ్యానం చెప్పడానికి చాలా తేలిక. వేదంలోంచి ఒక చిన్న మంత్రం ఇచ్చేవారు. దాన్ని పైకి అనకూడదు, లోపల మెల్లగా తలుచుకోవాలి. అది సన్నబడితే సన్నబడనివ్వాలి, జారిపోతే పోనివ్వాలి, గుర్తొస్తే మళ్లీ తలుచుకోవాలి. అంతే. ఇంత తేలికైనది కావడం వల్లనే మాకెవరికీ ఓ పట్టాన వచ్చేది కాదు.

ఓ కార్తికమాసంలో యజ్ఞేశ్వర ఘనపాఠి గారు వచ్చారు. వేదపాఠాన్ని చిన్న చిన్న పనసలుగా విడగొట్టి నేర్పుతారు. అందులో ప్రతి మాటనూ ముందుకూ వెనక్కూ తిప్పి అల్లుతూ చెప్పగలిగినవాడు ఘనపాఠి. అక్షరం మాట అటుంచి, స్వరం తప్పినా తప్పే. అంతకు ముందు ఏడు ఒక సభలో పెద్దల ఎదుట ఆయన తప్పారు. ఒకే మాట రెండు పనసల్లో వచ్చే చోట నాలుక ఇందులోంచి అందులోకి దూకింది. పెద్దలు ఆపి, ఏ పనసలో ఉన్నారో చెప్పమన్నారు. చెప్పలేకపోయారు. వేదం చదివిన ప్రతివాడూ ఎప్పుడో ఒకప్పుడు పడే గొయ్యే అది, కానీ ఆయన అందులోంచి లేవలేదు. అప్పట్నుంచీ సభ పేరెత్తితే నోరు పిడచగట్టుకుపోయేది. అన్నం తింటున్నా, దారిన పోతున్నా లోపల మాటలు సరిచూసుకుంటూనే ఉండేవారు. తరతరాలుగా ఇంట్లో వస్తున్న చదువు. రాబోయే మాఘంలో సభకు కూడా వెళ్లలేకపోతే అది తన గొంతులోనే ఆగిపోతుందని ఆయన బెంగ. మనసుకు కాస్త నెమ్మది దొరుకుతుందేమోనని మా గురువుగారిని వెతుక్కుంటూ వచ్చారు.

గురువుగారు మంత్రం ఇచ్చారు. ఘనపాఠి గారు దాన్నీ పనసలాగే పట్టుకున్నారు. కళ్లు మూసుకుంటే చాలు, స్వరానికి తగ్గట్టు తల కిందికీ పైకీ ఆడేది, పెదవులు కదిలేవి, నుదుట చెమట పట్టేది. మంత్రం కాస్త జారితే ఉలిక్కిపడి మళ్లీ మొదటినుంచి ఎత్తుకునేవారు. మేం మా ధ్యానం మానేసి ఆయన్నే చూస్తూ కూర్చునేవాళ్లం. చివరికి ఓ పొద్దున ఆయన ఉండబట్టలేక గురువుగారిని అడిగేశారు.

"కష్టపడకుండా వచ్చేది సాధన ఎలా అవుతుందండీ? నాకు ఒక్క పనసైనా ఊరికే రాలేదు. పట్టు వదిలితే పోతుందని మా నాన్నగారు వీపు మీద కొట్టి మరీ చెప్పారు."

గురువుగారు వసారా చివరికి చూశారు. పురిటికి వచ్చి ఇంకా పుట్టింట్లోనే ఉన్న వాళ్లమ్మాయి సుందరి, తలంటి పోసుకోవడానికి వెళ్లింది. చీర ఉయ్యాలలో నెలల పిల్ల గుక్కపట్టి ఏడుస్తోంది. "ముందు దాన్ని కాస్త నిద్రపుచ్చండి," అని చెప్పి, ఆయన స్నానానికి రేవులోకి దిగిపోయారు.

ఘనపాఠి గారికి జోలపాటలు రావు. వచ్చినది వేదపాఠం ఒక్కటే, అదే ఎత్తుకున్నారు. అది పందిరంతా మోగే గొంతు. పిల్ల ఏడుపు రెండింతలైంది. గొంతు తగ్గించారు. అప్పుడు బయటపడింది అసలు తంటా. ఆయన ఉయ్యాలను పాఠానికి ఊపుతున్నారు. మాట ఆగిన చోటల్లా ఉయ్యాలా ఆపేస్తున్నారు, ఆపినప్పుడల్లా పిల్ల కెవ్వుమంటోంది. ఆగవలసిన చోట ఆగకపోతే పాఠం ఒప్పుకోదు, ఆగితే పిల్ల ఒప్పుకోదు. మేం నవ్వు పట్టలేక స్తంభాల చాటుకు పోయాం.

చాలాసేపటికి ఆయన చెయ్యి అలిసింది. ఉయ్యాలను దాని మానాన ఊగనిచ్చారు. పాఠం దాని వెంటపడి నడిచింది. మెల్లమెల్లగా స్వరం మెత్తబడింది, మాట గొణుగుడైంది, తరవాత పెదవులు మాత్రం కదిలాయి, కాసేపటికి అదీ లేదు. పిల్ల ఎప్పుడు పడుకుందో మాలో ఎవరూ చూడలేదు. అందరం ఆయన ముఖమే చూస్తున్నాం. కళ్లు మూసుకుని ఉన్నారు. తల ఆడటం లేదు. ఉయ్యాల తాడు వేళ్ల మధ్య వదులుగా ఉంది. మాలో నవ్వేవాళ్లు కూడా ఎప్పుడో మానేశారు. ఆ పొద్దుటిలాంటి పొద్దు మళ్లీ రాలేదు.

గురువుగారు తడిబట్టలతోనే వచ్చి, ఆయన పక్కన వంగి, చెవి దగ్గర మెల్లగా అడిగారు.

"ఏ పనసలో ఆపారు?"

మేం బిగుసుకుపోయాం. సభలో ఆయన పరువు తీసిన ప్రశ్న అదే. ఘనపాఠి గారు కళ్లు తెరిచి వెతుక్కున్నారు. ఎంత వెతికినా దొరకలేదు. తెలియడం లేదండీ అన్నారు. అని, భయపడలేదు. భయం వేయలేదన్న సంగతి ముందు ఆయనకే వింతగా తోచినట్టుంది, కళ్లనిండా నీళ్లు తిరిగాయి. అయితే ధ్యానమంటే ఇదేనా అని అడగబోయి, ఆ ఆనందంలో మళ్లీ పాత కంచుగొంతు ఎత్తారు.

గురువుగారు ఆయన చేతి మీద చెయ్యి వేశారు.

"మాట్లాడకండి. పిల్ల లేస్తుంది."