ఆల్రెడీ అన్న మాట

ఇనాయత్ రుసరుసలాడుతూ వచ్చి సూఫీ గురువు నూరుల్లా షా ఎదుట నిలబడ్డాడు.

"హజ్రత్, పీరాంబీని వాళ్ళ తమ్ముడి కొడుకు దగ్గరికి పంపెయ్యండి. లేదంటే నేనే పోతాను."

పీరాంబీ ఆ మఠంలో వంట చేసే ముసలామె. ఈమధ్య ఆమెకు మతిమరుపు ముదిరింది.

"ఏం చేసింది?"

"పొద్దున్నుంచీ ఒకటే గొడవ. తిన్నావా బేటా, తిన్నావా బేటా! తిన్న చెయ్యి కడుక్కునే లోపే మళ్ళీ అడుగుతుంది. జపానికి కూర్చోనివ్వదు. ఇవాళ గట్టిగా అరిచాను, ఆల్రెడీ తిన్నాను, ఆల్రెడీ చెప్పాను అని."

"అరిచాక?"

"నోరు మూసుకుంది. ఎవర్నీ ఏమీ అడగటం లేదు. మూట కట్టుకుంటోంది."

గురువు ముఖం ఎర్రబడింది. గొంతు మాత్రం పెంచలేదు.

"ఊళ్ళో పిల్లలకి ఇంగ్లీషు చెప్పేవాడివి కదా. ఆ ఆల్రెడీకి అర్థమేమిటి?"

ఇప్పుడా పాఠాలు? ఇనాయత్‌కు ఒళ్ళు మండింది. అయినా చెప్పాడు.

"ఇదివరకే అయిపోయిందని. అనుకున్నదానికన్నా ముందే జరిగితే ఆశ్చర్యపడి కూడా అంటారు, అప్పుడే వచ్చేశావా అన్నట్టు."

"నువ్వెందుకన్నావు?"

"ఒకసారి చెప్పాక మళ్ళీ అక్కర్లేదని!"

"సరే. కూర్చో. నీ జపం చేసుకో."

ఇనాయత్ విసురుగా కూర్చుని తస్బీ మాల తీశాడు. ఒక పూస జరిపి "యా అల్లాహ్" అన్నాడు. రెండో పూస మీద వేలు పడగానే గురువు మాలను గుప్పిట పట్టేశారు.

"ఆల్రెడీ చెప్పావు."

"వదలండి హజ్రత్!"

"ఒకసారి విన్నాడు కదా. చెవుడా ఆయనకి?"

"ఇది ప్రార్థన!" ఇనాయత్ అరిచాడు.

"మరి ఆమెదేమిటనుకున్నావురా?"

గురువు అరవడం ఇనాయత్ అంతకుముందెన్నడూ వినలేదు.

"పొద్దున లేస్తే తన పేరు వెతుక్కుంటోంది. నీ ఆకలి మాత్రం మరిచిపోలేదు. ఫో ఇక్కణ్ణుంచి!"

మాల ఆయన తిరిగి ఇవ్వలేదు.

ఇనాయత్ వంటింటి గుమ్మం దగ్గర ఆగాడు. పీరాంబీ చీర మడిచి మూటలో పెడుతోంది. అతన్ని చూడగానే బెదిరి గోడ వైపు జరిగింది. పెదవులు కదిలాయి.

అతను కంచం తీసుకుని ఆమె ముందు చతికిలబడ్డాడు.

"ఆకలేస్తోంది నానీమా."

ఆమె కాసేపు అనుమానంగా చూసింది. తర్వాత మూట పక్కకి నెట్టి, అన్నం గిన్నె మూత తీసింది.