చలిదేశం వెళ్ళిన చారల ఉడుతలు

అనగనగా ఒక ఉడుతల జంట. కొత్తగా పెళ్ళయింది. సముద్రం దాటి చలిదేశం వెళ్ళారు, మొదటి చలికాలంలోనే ఆకలితో చావబోయారు. తప్పు చలిది కాదు. ఆ దేశంలో తిండికి కరువూ లేదు. అడగవలసినవాళ్ళని అడగలేదు, అంతే.

ఎలా జరిగిందో చెబుతాను, వినండి.

మగ ఉడుత పేరు సింహాద్రి. పేరు కొండంత, ఒళ్ళు గుప్పెడు. ఆడ ఉడుత పేరు పైడి. ఇద్దరిదీ సముద్రం ఒడ్డున జీడిమామిడి తోట. సింహాద్రికి పెదనాన్న వరసయ్యే పానకాలు ఎప్పుడో వేరుశనగ బస్తాల ఓడెక్కి చలిదేశం చేరాడు. ఓడల వెంట తిరిగే తెల్లపిట్ట చేత ఒకరోజు కబురు పంపాడు.

"ఇక్కడ రేవులో బస్తాలు దింపుతుంటే పల్లీలు వానలా రాలతాయి. చెట్టెక్కే పనే లేదు. వచ్చెయ్యండి."

తోటంతా సంబరపడింది. వెళ్ళేవాళ్ళకంటే ఉండిపోయేవాళ్ళే ఎక్కువ సంబరపడ్డారు. "మా మరిది చలిదేశంలో ఉంటున్నాడు" అని చెప్పుకోవడానికి చలి పెట్టదు కదా.

ఓడ దిగేసరికి పానకాలు ఎదురొచ్చాడు. వెనక చారల సంఘం మొత్తం నిలబడి ఉంది.

"వీపు మీద మూడు చారలున్నవాళ్ళకే ఇందులో చోటు" అన్నాడు పానకాలు.

వారానికోసారి రేవు గోడ మీద కూర్చుని, పల్లీలు తింటూ, జీడిమామిడి తోట ఎంత బాగుంటుందో చెప్పుకోవడం సంఘం పని. అంత బాగుంటే ఎందుకొచ్చారని ఎవరూ ఎవరినీ అడగరు.

కొత్త జంట రేవు పక్కన తోపులో ఒక చెట్టుతొర్రలో కాపురం పెట్టింది. పైకొమ్మ మీద ఆ దేశపు ఉడుత ఒకామె ఉండేది. ఎర్రటి ఒళ్ళు, చీపురంత తోక, వీపు మీద ఒక్క చారా లేదు. పైడి ఆమెకి ఎర్రక్క అని పేరు పెట్టుకుంది. ఎర్రక్కకి మర్యాద తక్కువ, ఆరా ఎక్కువ.

"ఏమ్మాయ్, ఆకులు రంగు మారుతున్నాయి. ఎన్ని పాతావు?" అని అడిగింది ఒక పొద్దున.

"ఏం పాతాలి?"

"కాయలు. ఇంకేం పాతుతారు?"

పైడి లోపలికొచ్చి నవ్వాపుకోలేక మొగుడికి చెప్పింది. "తిండి మట్టిలో పెడతారటండీ ఇక్కడ."

"పిసినారి జాతి" అన్నాడు సింహాద్రి. "మన తోటలో కాయ దొరికితే కీచుకీచుమని పదిమందినీ పిలిచి తింటాం. మట్టిలో పెట్టేది పోయినవాళ్ళని."

ఆకులు రాలడం మొదలైంది. ఎర్రక్క పైనుంచి ఒక కాయ విసిరింది. నెత్తిన టోపీ పెట్టుకున్నట్టుండే గట్టికాయ. పైడి కొరికి, వగరు భరించలేక ఉమ్మేసింది.

"తినమన్నానా నిన్ను? పాతమన్నాను" అంది ఎర్రక్క.

పైడి ఆ కాయ పట్టుకుని సంఘానికి వెళ్ళింది. "మావయ్యగారూ, మనం కూడా ఇవి దాచుకోవాలేమో" అంది.

"పల్లీలుండగా ఈ చెక్కముక్కలెందుకమ్మా?" అన్నాడు పానకాలు. "ఇవాళ మట్టిలో కాయ పెడతావు. రేపు నీ పిల్లలకి చారలంటేనే చిన్నతనం."

"తోక కూడా పెంచుతుందేమో చూసుకోవయ్యా సింహాద్రీ" అంది పానకాలు పెళ్ళాం.

అందరూ నవ్వారు. సింహాద్రి అందరికంటే గట్టిగా నవ్వాడు. పైడికి ఆ నవ్వు ముల్లులా గుచ్చుకుంది.

ఇంటికొస్తుంటే ఎర్రక్క కొమ్మ మీద నుంచి వంగి చూసింది. "గాలిలో మంచు వాసన వస్తోంది. ఇది మూడోసారి చెప్పడం. మా దగ్గర నాలుగోసారి చెప్పరు."

పైడి రాత్రంతా ఆలోచించలేదు. రేవు గోడ వైపు ఒకసారి చూసింది. ఈ దేశంలో పుట్టిన ఉడుత ఒక్కటైనా అక్కడ పల్లీల కోసం కూర్చోలేదు. అది చాలు.

"ఏవండీ, నేను కాయలు పాతుతాను" అంది.

"సంఘం ఏమనుకుంటుంది?"

"చలికి మన తొర్రలో వణికేది మనం. సంఘం కాదు."

"నేను మాత్రం మట్టిలో చెయ్యి పెట్టను."

"మిమ్మల్ని పెట్టమనలేదు."

మొదట పైడి కాయలన్నీ ఒకే గుంటలో పెట్టింది. మర్నాటికి కాకి అన్నీ తవ్వుకుపోయింది.

"కాయకో గుంట తవ్వాలి" అంది ఎర్రక్క. "ఒకటి పోతే పోయింది, మిగతావి ఉంటాయి."

రెండోసారి కాయకో గుంట తవ్వింది. కాకి కొమ్మ మీద కూర్చుని ఒక్కో గుంటా చూస్తూనే ఉంది.

"అది చూస్తుంటే కాయ బుగ్గలోనే ఉంచుకో. ఉత్త గుంట పూడ్చి, పైన మట్టి నొక్కి, ఏమీ ఎరగనట్టు వచ్చెయ్యి" అంది ఎర్రక్క.

"మోసం కదా అక్కా?"

"కాకితో వియ్యమందుతున్నావా?"

మూడోసారి కుదిరింది. పైడి పొద్దస్తమానం పాతింది. సంఘానికి వెళ్ళడానికి తీరిక దొరకలేదు. "పైడి మారిపోయింది" అన్నారు రేవు గోడ మీద. ఆ వారం జీడిమామిడి తోట గురించి తక్కువ మాట్లాడుకున్నారు.

మంచు పడింది. సింహాద్రి మురిసిపోయి తెల్లపిట్టని పిలిచాడు. "మల్లెపూలు రాలినట్టు ఉందని చెప్పు మావాళ్ళకి. చూడాలంటే పెట్టి పుట్టాలని చెప్పు."

తర్వాత రేవు గడ్డకట్టింది. ఏటా కొద్దిరోజులు గడ్డకట్టి కరిగిపోయేది. ఆ ఏడు కరగలేదు. ఓడలు ఆగిపోయాయి. సంఘం అత్యవసరంగా కూర్చుని, రేపు ఓడ తప్పకుండా వస్తుందని తీర్మానించింది. మర్నాడూ అదే తీర్మానించింది. ఆ మర్నాడు గోడ ఎక్కే ఓపిక ఎవరికీ లేక తీర్మానం ఆగింది.

మట్టిలో పెట్టిన కాయ అడగడానికి మనసొప్పక సింహాద్రి తొర్రలో ముడుచుకుని పడుకున్నాడు. తెల్లపిట్ట వచ్చి, "మీవాళ్ళకి ఏం చెప్పమంటావు?" అని అడిగింది.

"బాగున్నామని చెప్పు" అన్నాడు ఓపిక లేని గొంతుతో. "కాస్త ఒళ్ళు చేశామని కూడా చెప్పు."

పైడి బయటికెళ్ళి, మంచు తవ్వి, కాయ తెచ్చి అతని ముందు పెట్టింది.

"ఇది మట్టిలో..." అన్నాడు సింహాద్రి.

"అవును. పోయినవాళ్ళ దగ్గర్నుంచి అడిగి తెచ్చాను. తినండి."

తిన్నాడు. మట్టిలో నాని వగరు కాస్త తగ్గింది. "ఇంకొకటుందా?" అన్నాడు. చారలు ఉన్నాయో పోయాయో వెనక్కి తిరిగి చూసుకోలేదు.

ఈ సంగతి ఎలా తెలిసిందో, సంఘమంతా తొర్ర ముందుకొచ్చింది.

"అమ్మాయీ, దొరికితే పదిమందినీ పిలవడం మన ఆచారం. మరిచిపోయావా?" అన్నాడు పానకాలు.

పైడి లెక్క చూసుకుంది. అందరికీ పంచితే నాలుగు రోజుల్లో అయిపోతాయి. చిగురు రావడానికి ఇంకా చాలా ఉంది. పంచితే అందరూ కలిసి చస్తారు. పంచకపోతే వీళ్ళు చస్తుంటే తను చూస్తూ కూర్చోవాలి.

"మావయ్యగారూ, ఇవాళ తలా ఒకటి ఇస్తాను. రేపటినుంచి నా దగ్గర లేవు" అంది. "ఎర్రక్కవాళ్ళు పాతినవాటిలో సగం మరిచిపోతారు. అడిగితే ఎక్కడ వెతకాలో చెబుతారు. వెళ్ళి అడగండి."

"మేం అడగాలా? చారలు లేనివాళ్ళని?"

"ఆకలి మీది. మీ ఇష్టం."

పానకాలు సాయంత్రం దాకా బిగదీసుకున్నాడు. ఆ తర్వాత ఎర్రక్క కొమ్మ కిందికొచ్చి దగ్గాడు.

"ఎవరది?" అంది ఎర్రక్క.

"ఇక్కడే ఉంటానండి. రేవు దగ్గర."

"కొత్తగా వచ్చావా?"

పానకాలు నేల చూశాడు. ఏళ్ళుగా ఆ చెట్టు కిందనుంచే రేవుకి వెళ్తున్నాడు.

ఎర్రక్క సణుక్కుంటూ దిగింది. సణుక్కుంటూనే పొదల కింద ఎక్కడెక్కడ వెతకాలో చూపించింది. డొక్కలు బయటపడ్డాయి గానీ అందరూ బతికారు.

చిగుర్లొచ్చాయి. రేవు కరిగింది. సంఘం పైడికి సన్మానం పెట్టింది.

"కాయలు పాతడం మన చారల జాతి ప్రాచీన ఆచారం" అని ఉపన్యసించాడు పానకాలు. "ఈ ఎర్ర ఉడుతలు మన దగ్గరే నేర్చుకుని ఉంటారు."

చప్పట్లు మోగాయి. సింహాద్రి అందరికంటే గట్టిగా కొట్టాడు. సంఘానికి అధ్యక్షురాలిగా ఉండమన్నారు పైడిని.

"మీరే ఉండండి మావయ్యగారూ. ఆ పని మీకే బాగా వచ్చు" అంది పైడి.

తోటనుంచి ఇంకో కొత్త జంట వస్తోందని తెల్లపిట్ట కబురు తెచ్చింది. సంఘం పల్లీలు పోగుచేసి, ఉపన్యాసం సిద్ధం చేసుకుంది. పైడి అందరికంటే ముందు రేవుకి వెళ్ళింది. ఓడ తాడు మీదుగా పైకెక్కి, ఒంటికంటిన పొట్టు కూడా దులుపుకోనివ్వకుండా కొత్తజంటని దింపి, నేరుగా ఎర్రక్క చెట్టు దగ్గరికి తీసుకొచ్చింది.

"ముందు ఈవిడతో మాట్లాడండి. తిడుతుంది, పడండి. తర్వాత వెళ్ళి పల్లీలు తిందురు గాని."

సంఘం అలిగింది. సింహాద్రి కూడా విసుక్కున్నాడు. "ప్రతి ఓడకీ ఇలాగే వెళ్తావా ఏమిటి?"

"వెళ్తాను" అంది పైడి.

వెళ్ళింది. ఆ తర్వాత వచ్చిన ఓడల్లో ఒక్కదానికీ తప్పలేదు.

నీతి: కొత్తచోట బతకాలంటే అక్కడ బతుకుతున్నవాళ్ళని ముందే అడగాలి. ఆకలేశాక అడిగినా చెబుతారు, కానీ అప్పటికి పాతుకునే కాలం దాటిపోతుంది.