పావుకోళ్ల సైకిలు

విరూపాక్షం కూర్చోలేకపోతున్నాడు.

ఇంకెవరైనా కూర్చోలేకపోతే అది కథే కాదు. కానీ ఓబుళస్వామి ఆశ్రమంలో విరూపాక్షానికి పేరంతా కూర్చోవడం వల్లే వచ్చింది. తెల్లవారుజామున పద్మాసనం వేశాడంటే ఎండ వీపు మీదికి ఎక్కేదాకా కదిలేవాడు కాదు. ముక్కు మీద ఈగ వాలినా విదిలించుకునేవాడు కాదు. కొత్తగా వచ్చిన భక్తులకు గోశాల చూపించాక, తర్వాత చూపించేది అతన్నే. అలాంటివాడు ఇప్పుడు రోడ్డు పక్కన మూతపడిన పత్తిమిల్లు మెట్ల ముందు నిలబడి, విస్తరాకు చేత్తో పట్టుకుని పులిహోర తింటున్నాడు.

"కూసో అన్నా," అన్నాడు మద్దిలేటి. వంట సామాను మోసే సైకిలు అతనిది. మనిషి లావు, గొంతు ఇంకా లావు.

"నిలబడి తింటే బాగా జీర్ణమవుతుంది," అన్నాడు విరూపాక్షం.

"మాకు పడుకొని తిన్నా అవుతాదిలే," అని మద్దిలేటి మెట్ల మీద ఇంకాస్త పరుచుకుని కూర్చున్నాడు.

విరూపాక్షం నవ్వాడు. నవ్వుతూనే పంచె వెనక చేత్తో తడుముకుని, ఎవరూ చూడటం లేదనుకున్నాక ఆ చేతిని చూసుకున్నాడు. ఎర్రగా ఏమీ లేదు. ఇంకా లేదు.

ఏటా కార్తీకంలో ఆశ్రమం నుంచి కృష్ణ ఒడ్డుకు సైకిళ్లు బయలుదేరతాయి. ఓబుళస్వామికి గురువైన పెద్దస్వామి బతికున్నంత కాలం నల్లమల మీదుగా నడిచి వెళ్లి ఆ నదిలో మునిగి వచ్చేవాడు. ఆయన పోయాక ఆయన బదులు ఆయన పావుకోళ్లు మునిగి వస్తున్నాయి. పావుకోళ్లంటే చెక్క చెప్పులు. వాటికి వార్లు ఉండవు. బొటనవేలికీ పక్కవేలికీ మధ్య చెక్క గుబ్బ ఒకటి ఇరికించుకుని, దాని ఆధారంతో నడవాలి. వాటిని కారులో తీసుకెళ్తామన్న భక్తులు లేకపోలేదు. "ఆయన కాళ్లతో పోయిన దారి ఇది. మనమూ కాళ్లతోనే పోదాం," అన్నాడు ఓబుళస్వామి. డెబ్బై దాటిన మనిషే తొక్కుతానంటే మిగతావాళ్లు కాదనేదేముంది?

పావుకోళ్లు కట్టిన సైకిలు అందరికంటే ముందు నడుస్తుంది. దాన్ని తొక్కినవాడికి నది ఒడ్డున స్వామి చెవిలో ఉపదేశం చెబుతాడు. మధ్యలో దిగిపోయినవాడికి ఆ సైకిలు మళ్లీ దక్కదని, ఉపదేశం ఇక ఈ జన్మకు లేనట్టేనని ఆశ్రమంలో చెప్పుకుంటారు. స్వామి ఆ మాట ఎన్నడూ అనలేదు. కానీ అలా దిగిపోయిన ఒకాయన తర్వాత మళ్లీ ఆశ్రమం గడప తొక్కలేదు. మాట అలా నిలబడిపోయింది. విరూపాక్షం ఆ సైకిలు కోసం ఏళ్ల తరబడి కాచుకున్నాడు. ఈసారి దక్కింది. అతని తర్వాత వరసలో ఉన్నది మద్దిలేటి.

బయలుదేరిన పొద్దున స్వామి కొబ్బరినూనె డబ్బా అందరి మధ్యా తిప్పాడు. "తొడల లోపల, సీటు తగిలే చోటంతా పూసుకోండి నాయనా," అన్నాడు, పప్పులో ఉప్పు వేయమన్నంత మామూలుగా. అందరూ తలా కాస్త తీసుకుని గోడ చాటుకు పోయారు. మద్దిలేటి అయితే పోపుకు పోసుకున్నట్టు పోసుకున్నాడు. విరూపాక్షం డబ్బాను కళ్లకు అద్దుకుని పక్కవాడికి ఇచ్చేశాడు. ముళ్ల దారిన కాశీ దాకా నడిచినా పెద్దస్వామి కాళ్లకు నొప్పి తెలియలేదని వచ్చినవాళ్లందరికీ చెప్పేది తనే. ఆ మహానుభావుడి పావుకోళ్లు మోస్తూ తను తొడలకు నూనె పూసుకోవడమా?

అంతటితో ఆగినా బాగుండేది. ఆ రోజు కోసమని గంజి పెట్టిన కొత్త ఖద్దరు పంచె కట్టాడు. ముందు నడిచేవాడు ఠీవిగా కనిపించాలని సీటు ఎత్తించుకున్నాడు. పెడలు అడుగుకు పోయినప్పుడల్లా పాదం అందక నడుము ఈ పక్కకూ ఆ పక్కకూ జరుగుతుంటే, అదే కుదురుకుంటుందిలే అనుకున్నాడు. దారిలో గతుకు వచ్చినప్పుడల్లా అందరూ పెడళ్ల మీద లేచి నిలబడేవారు. గతుకు లేకపోయినా స్వామి కాసేపటికోసారి సీటు మీంచి లేచి, రెండు తొక్కులు తొక్కి మళ్లీ కూర్చునేవాడు. పాపం, పెద్దవయసు, అనుకున్నాడు విరూపాక్షం. తను మాత్రం లేవలేదు. ఆసనం అంటే ఆసనమే, అది దర్భచాప అయితేనేం, సైకిలు సీటు అయితేనేం?

సైకిలు సీటు అలా అనుకోలేదు.

మొదటి రోజు సాయంత్రానికి మంట మొదలైంది. రెండో రోజు పొద్దున అక్కడ చెయ్యి పెట్టలేకపోయాడు. ఇప్పుడు ఈ పత్తిమిల్లు దగ్గర, మళ్లీ సైకిలెక్కాలన్న తలపుకే అరచేతులు చెమర్చాయి.

అందరూ చేతులు కడుక్కుంటుంటే గబగబా తువ్వాలు మడిచి సీటు మీద పరిచి, పైన పంచె సర్దుకుని కూర్చున్నాడు. కాసేపు హాయిగానే ఉంది. తర్వాత తువ్వాలు ముడతలు పడి, ఆ ముడతలన్నీ వెతుక్కున్నట్టు వచ్చి పుండు కిందే చేరాయి. లేచి సర్దుకుందామంటే వెనక స్వామి ఉన్నాడు.

అసలు భయం అదే. నొప్పిని ఎలాగో పళ్ల బిగువున ఓర్చుకోవచ్చు. వెనక ఆ రెండు కళ్లున్నాయే, వాటిని ఏం చెయ్యాలి? తెల్ల పంచె. ఒక్క చుక్క చాలు. చెమట కాలువ కట్టి కారుతుంటే, అది చెమటో రక్తమో తెలియక ప్రాణం కొట్టుకుంటోంది. మైలురాయి దాటి మైలురాయి వస్తోంది గాని దారి తరగడం లేదు. ఊళ్లలో జనం ఎదురొచ్చి పావుకోళ్లకు మొక్కుతున్నారు. ఆడవాళ్లు హ్యాండిలుకు పూలదండలు వేస్తున్నారు. అతను అందరికీ చెయ్యెత్తి దీవెనలిచ్చాడు. తల్లీ, త్వరగా పక్కకు జరగండి, ఆగితే మళ్లీ ఎక్కలేను, అని లోపల ఏడుస్తున్నాడు.

దిగిపోతే? ఆ తలపు వచ్చినప్పుడల్లా మద్దిలేటి సైకిలు మీద గిన్నెలు గలగలమని చప్పుడు చేసేవి.

పొద్దు వాలేసరికి ఒక పాత సత్రం చేరారు. పక్కనే పంటకాలువ. అందరూ గుడ్డలు విప్పి కాలువలోకి దూకారు. చెమట బట్టలు ఉతికి, పొడిబట్టలు కట్టుకున్నారు. విరూపాక్షం స్నానానికి పోలేదు. జలుబు చేసేలా ఉందన్నాడు. చెమటకు తడిసిన పంచెతోనే గోడకు వీపు ఆనించి నిలబడ్డాడు. సంధ్య వేళ ధ్యానం ఉంది. పావుకోళ్లు మోసినవాడు వాటి పక్కన అందరికీ ఎదురుగా కూర్చోవాలి. ఎంతసేపు కూర్చోవాలో తనకు తెలుసు. ఆ సేపును అంత పొడుగు చేసిన పుణ్యాత్ముడు తనే మరి.

దీపం వెలిగించారు. స్వామి కళ్లు మూసుకున్నాడు. విరూపాక్షం మోకాళ్లు వంచి, ఊపిరి బిగబట్టి, పద్మాసనంలోకి దిగాడు.

తడిసి బిరుసెక్కిన గుడ్డ పచ్చిపుండును పట్టుకుని గీకింది. కళ్లలో నీళ్లు తిరిగాయి. ఒక్క ఊపిరి, ఇంకొక్క ఊపిరి అనుకున్నాడు. మూడోది రాలేదు. నోట్లోంచి "అమ్మా" అన్న మాట బయటికి వచ్చేసింది. ఆశ్రమంలో ఎవరూ అతని నోట అలాంటి గొంతు వినలేదు. అందరూ కళ్లు తెరిచారు. అతను రెండు చేతుల మీదా మోకాళ్ల మీదా ఉన్నాడు, పాకే పిల్లవాడిలాగా.

"సామీ," అన్నాడు తల ఎత్తకుండా. "నా వల్ల కాదు. నిన్నటి నుంచి ఒరుసుకొని తోలు ఊడిపోయింది. పావుకోళ్లు మద్దిలేటికి ఇవ్వండి. నేను బస్సులో వెనక్కి పోతాను."

అన్నాక, ఇక దాచడానికి ఏమీ మిగల్లేదు. ఏళ్లు కాచుకున్నది అంతా ఆ సత్రం గచ్చు మీద పారబోసినట్టయింది. సిగ్గుతో ఏడ్చాడు.

"నాకెందుకు సామీ! నాకు గిన్నెలు చాలు," అన్నాడు మద్దిలేటి కంగారుగా. తర్వాత గొంతు తగ్గించి, "నిన్న సాయంత్రమే తెలిసె నాకు. నడక చూస్తే తెలియదా అన్నా? నువ్వే చెప్తావులే అని ఊరకున్యా," అన్నాడు.

స్వామి లేచాడు. పావుకోళ్లు తెచ్చి విరూపాక్షం ముందు పెట్టాడు.

వాటి గుబ్బలకు కాషాయం గుడ్డ చుట్టి ఉంటుంది. పాతబడి నల్లగా అయిపోయింది. అది పెద్దస్వామి కట్టుకున్న వస్త్రంలో ముక్క అని అందరూ దానికి కుంకుమ పెడతారు. ఏటా బయలుదేరే ముందు స్వామి ఆ గుడ్డ మీద నూనె చుక్కలు వేస్తాడు. దాన్ని నూనెసేవ అంటారు. ఆ సేవ జరిగేటప్పుడు హారతి పళ్లెం పట్టుకునేది విరూపాక్షమే.

"ఇప్పు," అన్నాడు స్వామి.

"సామీ, అది..."

"ఇప్పు నాయనా."

విరూపాక్షం గుడ్డ కొస పట్టుకుని విప్పాడు. ఒక పొర, దాని కింద ఇంకో పొర. పైపొరలన్నీ నూనె పీల్చి మెత్తగా ఉన్నాయి. అన్నిటికంటే లోపలి పొర మాత్రం అట్టలాగా గట్టిపడి ఉంది. దాని మీద గోధుమరంగు మరక. అది కుంకుమ కాదు. విరూపాక్షం అలాంటి మరకనే పొద్దుటి నుంచి తన పంచె మీద వెతుక్కుంటున్నాడు.

"ఆయనకు వేళ్ల సందున ఒరుసుకునేది," అన్నాడు స్వామి. "ఆ లోపలిది ఆయన చుట్టుకున్యాడు. పైవన్నీ నేను చుట్టినా. రోజూ తెల్లార్తో, నడక మొదలుపెట్టకముందే వాటికి నూనె పెడుతుంటి."

ఆ తర్వాత సంచిలోంచి కొబ్బరినూనె డబ్బా తీసి అతని పక్కన పెట్టి, వంట ఎంతవరకు వచ్చిందో చూడటానికి పోయాడు.

విరూపాక్షం ఆ మరకను వేలితో తడిమాడు. తర్వాత పొర మీద పొర మళ్లీ చుట్టాడు.

మర్నాడు సైకిళ్లు కదల్లేదు. "మనం ఆగితే కృష్ణ ఎండిపోదులే," అన్నాడు స్వామి. మద్దిలేటి గోరువెచ్చని నీళ్లతో పుండు కడిగి, గాలి తగలనిచ్చాడు. ఆసనంలో పేరుమోసిన విరూపాక్షం సత్రం వసారాలో బోర్లా పడుకుని ఉంటే, వచ్చేపోయేవాళ్లు అది ఏదో కొత్త యోగాసనమని మొక్కి పోయారు. మద్దిలేటి కాదనలేదు. అదేం ఆసనమని ఒకాయన అడిగితే, "పెద్ద సాధన అది, అందరికీ రాదు," అని చెప్పి పంపాడు. గంజి పంచె తీసుకుపోయి దాంతో గిన్నెలు తుడిచాడు. స్వామి తన పాత పంచె ఒకటి ఇచ్చాడు. ఉతికి ఉతికి అది పసిపిల్లల గుడ్డలాగా మెత్తబడి ఉంది. సీటును రెంచీతో విప్పి కిందికి దించింది కూడా మద్దిలేటే. "ఇంత ఎత్తున కూసుంటే ఎవరికి కనపడాలని అన్నా?" అన్నాడు.

పుండు మీద పొర కట్టాకే బయలుదేరారు. పావుకోళ్లు మళ్లీ అతని హ్యాండిలుకే కట్టాడు స్వామి.

భయం మాత్రం పోలేదు. మొదటి గతుకు దూరం నుంచి కనపడగానే ఒళ్లు బిగుసుకుంది. అది దగ్గరికి వచ్చింది. విరూపాక్షం పెడళ్ల మీద లేచి నిలబడ్డాడు. సైకిలు కింద ఎగిరిపడింది, అతను పడలేదు. వెనక గిన్నెలు గలగలమన్నాయి. ఈసారి ఆ చప్పుడు వింటే గుండె జారలేదు. సాయంత్రం కాలువ కనపడగానే అందరికంటే ముందు దూకింది అతనే.

కృష్ణ ఒడ్డున విరూపాక్షం పావుకోళ్లను నీళ్లలో ముంచాడు. పొడిగుడ్డతో తుడిచి, గుబ్బల మీద నూనె చుక్కలు వేశాడు. మిగతావాళ్లు దూరంగా జరిగారు. విరూపాక్షం తడి రాళ్ల మీద నిలబడి తల వంచాడు. ఇంత దూరం ఏ మాట కోసం వచ్చాడో ఆ మాట ఇప్పుడు వినబోతున్నాడు. అది దక్కుతుందో లేదో ఇంకా తెలియదు.

స్వామి అతని చెవి దగ్గరికి వంగాడు.

"పొద్దున నూనె రాసుకుంటివా?"

"రాసుకుంటి సామీ."

"అయితే కూసో."