నూనె తప్పుకున్నంత మేర

మెకానిక్ షెడ్డు మట్టిలోంచి తీసి పెంచిన నా సూక్ష్మజీవి సబ్బులాంటి పదార్థాన్ని వదులుతుందని నిరూపించాలి. దాన్ని కొలిచే యంత్రం కొనాలంటే లక్షలు కావాలి. రిటైరైన సైన్సు టీచరు జహీర్ మాస్టారు నేర్పిన పద్ధతికి పళ్ళెం, నీళ్ళు, వాడేసిన ఇంజన్ నూనె, స్కేలు చాలు. నీళ్ళమీద నూనె పరుచుకున్నాక, సూక్ష్మజీవి పెరిగిన ద్రవం డ్రాపర్‌తో ఒక చుక్క మధ్యలో వేయాలి. నూనె పక్కకు తప్పుకుంటుంది. ఆ ఖాళీ ఎంత పెద్దదైతే సరుకు అంత ఉన్నట్టు.

నాది నాలుగు సెంటీమీటర్లు.

సోమవారం కాలేజీ వాళ్ళకు చూపించాలి. నచ్చితే ల్యాబ్‌లో చోటిస్తామన్నారు. బీకాం చదివి, ఫోన్లో వీడియోలు చూసి ఇదంతా నేర్చుకున్న నాకు ఇంకో దారి లేదు. మాస్టారి ముందు కొలతల నోటుపుస్తకం పెట్టి సంతకం అడిగాను.

"రోజూ నాలుగేనా?"

"రోజూ. ఆ కాలేజీ ఎంఎస్సీ వాళ్ళకి రెండు దాటలేదు మాస్టారూ."

"వాళ్ళ సంగతి వాళ్ళు చూసుకుంటార్లే. రాని రోజే లేదా?"

ఒకటుంది. అది పుస్తకంలోకి ఎక్కలేదు.

"ఒక్క రోజు నూనె సరిగ్గా కదల్లేదు. నేనే ఏదో తేడా చేసుంటానని వదిలేశాను."

"ఏం తేడా?"

"ఏమో. ఆ రోజు సబ్బు అయిపోయింది. డ్రాపర్ ఉత్త నీళ్ళతో కడిగాను."

మాస్టారు వేరే పళ్ళెంలో నీళ్ళు పోసి నూనె పరిచారు. తను తాగుతున్న మంచినీళ్ళే నా డ్రాపర్‌తో పీల్చి, ఒక చుక్క వేశారు.

నూనె గబగబా తప్పుకుంది. ఆయన స్కేలు నా చేతికిచ్చారు.

నాలుగు.

"మంచి సబ్బేనమ్మాయ్. ఎక్కడ కొన్నావ్?"

నవ్వు రాలేదు. "సోమవారం ఏం చూపించను మాస్టారూ?"

ఆయన బీరువాలోంచి కొత్త డ్రాపర్ తీసిచ్చి కూర్చున్నారు.

ముందు ఉత్త నీళ్ళ చుక్క వేశాను. నూనె కదల్లేదు. తర్వాత నా ద్రవం చుక్క. నూనె కొంచెం జరిగి ఆగింది. ఇంకా జరుగుతుందేమోనని చూస్తూ నిలబడ్డాను. జరగలేదు.

"ఎంత?"

"అర సెంటీమీటరు."

"రాసుకో. అది దానిది."