ఉయ్యాల మీద ఉమ్మి

ఉప్పుగాలి తగిలే ఒక రాజ్యంలో గురవమ్మ అనే దాది ఉండేది. రాజుగారినీ, ఆయన బిడ్డల్నీ ఊపి ఊపి ఆమె రెక్కలు పడిపోయాయి. ఒకరోజు సముద్రం అవతలి నుంచి వచ్చిన రాయబారి ఉయ్యాల మీదికి వంగి, పసి యువరాజు మీద తుపుక్కున ఉమ్మాడు.

"ఎంత పొగరు! వీడి తల తీయించండి ప్రభూ!" అని మంత్రి మండిపడ్డాడు. భటులు కత్తులు దూశారు.

గురవమ్మ రాజు వైపు తిరిగి నిట్టూర్చింది. "పొద్దున మీ అమ్మగారు దిష్టి తీసి, ఈ బిడ్డ మీదే మూడుసార్లు తూతూ అన్నారు కదా బాబూ? వాళ్ళ దేశంలోనూ అంతేనేమో."

"నీకేం తెలుసే ముసలీ? అడిగితే ప్రాణభయంతో అలాగే బొంకుతాడు!" అన్నాడు మంత్రి.

"అయితే ఏమీ అడగొద్దు. మంత్రిగారు ఆయన తల కోరుతున్నారని మాత్రం దుబాసీ చేత చెప్పించండి. కావాలంటే మంత్రిగారి మీద కూడా ఉమ్ముకోమనండి. అది తిట్టే అయితే, ఎలాగూ పోయే ప్రాణమే కదా, కసితీరా ఉమ్ముతాడు."

దుబాసీ చెప్పాడు. రాయబారి మంత్రిని ఎగాదిగా చూసి, తల అడ్డంగా ఊపాడు.

"చస్తే ఉమ్మను. ఈయన మీద నాకంత ప్రేమ లేదు."

రాజు పకపకా నవ్వి కత్తులు దింపమన్నాడు. నవ్వే ఓపిక కూడా లేని గురవమ్మ గోడకి చేరగిలబడి, మళ్ళీ ఉయ్యాల తాడు అందుకుంది.