మేడిచెట్టు మీద పందెం

అనగనగా కొండ వెనకాల ఒక అడవి ఉండేదర్రా. అందులో ఒక కొమ్ముపిట్టల జంట కాపురం ఉండేది. ముక్కు మీద చిన్న కొమ్ము ఉంటుంది కదా, అందుకని ఆ పేరు.

ఆ పిట్టల్లో ఒక పద్ధతుంది. గుడ్లు పెట్టే ముందు తల్లిపిట్ట చెట్టుతొర్రలో దూరి, వాకిలి మట్టితో మూసేసుకుంటుంది. ముక్కు పట్టేంత సందు మాత్రం ఉంచుతుంది. లోపల దాని ఈకలు రాలిపోతాయి. ఇక ఎగరలేదు. తండ్రిపిట్ట ఏది తెచ్చిపెడితే అదే తిండి.

రెండు పిల్లలు పుట్టాయి. మండుటెండలు. దగ్గర్లో పండ్లున్నది ఒక్క మేడిచెట్టుకే. తండ్రిపిట్ట పొద్దుటినుంచీ పండ్లు మోస్తూనే ఉన్నాడు.

మేడికొమ్మ మీద కూర్చున్న కాకి నవ్వింది.

"ఏం బావా! పెళ్లాం లోపల రాణి, నువ్వు బయట కూలివాడివి. ఆ రెక్కలు మోతకేనా, ఎగరడానికి కూడానా?"

"నోర్ముయ్యి! నీలాంటి వాళ్లను ముగ్గుర్ని దాటిపోతా."

"అయితే పందెం. ఎదుటి కొండకు మూడుసార్లు పోయి రావాలి. ఓడినవాళ్లు మళ్లీ ఈ చెట్టు మీద వాలకూడదు."

"సరే!" అనేశాడు.

తొర్ర దగ్గరికి పోయి ఆ మాట గొప్పగా చెప్పాడు. సందులోంచి తల్లిపిట్ట బతిమాలింది.

"వద్దయ్యా. కాకి ఎంగిలి మెతుకులైనా ఏరుకుని బతుకుతుంది. పండు లేకపోతే మేమేం తినాలి?"

"గెలిచేదానికి ఏడుపెందుకే?" అని ఎగిరిపోయాడు.

మొదటిసారి అతనే ముందు. రెండోసారి ఇద్దరూ సమానం. మూడోసారి అతని రెక్కలు బరువెక్కాయి. పొద్దుటినుంచీ తెచ్చినవన్నీ తొర్రలోనే పెట్టాడు, తను ఒక్క పండూ మింగలేదు. కాకి అది చూస్తూనే ఉంది. తను మాత్రం కడుపునిండా తినే వచ్చింది.

ఓడిపోయాడు.

"పిల్లలకోసం రెండే రెండు పండ్లు కోసుకోనీ" అని అడిగాడు.

"పందెం కాసినప్పుడు పిల్లలు గుర్తురాలేదా బావా?" అంది కాకి. కాకులన్నీ గుంపుగా వచ్చి పొడిచి తరిమేశాయి.

ఇక వాగు దాటి ఎక్కడికో పోవాల్సి వచ్చింది. పొద్దంతా తిరిగితే నాలుగు పండ్లు. తల్లిపిట్ట తన వంతు కూడా పిల్లలకే పెట్టింది. అయినా చాల్లేదు.

వానలు పడ్డాక, కొత్త ఈకలు మొలిచి, తల్లిపిట్ట మట్టిగోడ పగలగొట్టుకుని బయటికొచ్చింది. వెనక ఒక్క పిల్లే వచ్చింది.

"రెండోదేదే?" అన్నాడు తండ్రిపిట్ట.

ఆమె పిల్లను తీసుకుని, అతనికి దూరంగా ఇంకో కొమ్మ మీద కూర్చుంది.

నీతి: మనల్నే నమ్ముకున్నవాళ్ల నోటిముద్దను పందెంలో పెట్టకూడదు.